కాపడము – పరారుణ కిరణముల పెట్టె

మొన్న కార్తికమాసమున మా ఆడుబిడ్డగారి కుమారుడు సెలవులకు హైదరాబాదునుండి మా యింటికి వచ్చెను. తన అమ్మమ్మగారు, అనగా మా అత్తగారు, గోడ పట్టుకొని యొక్కొక్క మెట్టే దిగుట చూచి యా పిల్లవాడు మిక్కిలి నొచ్చుకొనెను. "అమ్మమ్మా, నీకొక పెట్టె కొని పంపెదను. దినమున కరగంట దానిలో గూర్చుండిన జాలును. మోకాళ్ళనొప్పులు, చక్కెరవ్యాధి, అన్నియు దిగిపోవును" అని చెప్పి, ఫోనులో దాని బొమ్మను జూపెను. కొయ్యపలకలతో గట్టిన చిన్నగది. ముందు అద్దపు తలుపు. లోపల నొకరిద్దరు గూర్చుండుటకు బల్ల. గోడలకు వేడినిచ్చు పలకలు. దానిని ఇన్‌ఫ్రారెడ్ సౌనా యందురట. మనము పరారుణ స్వేదగృహ మనవచ్చును. వెల మావారి మూడు నాలుగు నెలల జీతమునకు దక్కువ కాదు.

అత్తగారి కన్నులు మెరసినవి. ఆమె నావంక దిరిగి "ఏమే అమ్మాయీ, నీవు చదువుకొన్నదానవు గదా, ఇది నిజమేనా?" యని యడిగిరి. నేను వెంటనే బదులు చెప్పజాలకపోతిని. అందులకు నాకొక కారణము గలదు. దానిని ముందు జెప్పెదను. ఆనాటినుండి రెండుమాసములు, వంటపని తీరిన తరువాత, ఈ విషయమును గూర్చి దొరికినదెల్ల జదివితిని. మా తాతగారు నాకు బాల్యమున పాఠము చెప్పిన చరకసంహితను పెట్టెలోనుండి మరల దీసితిని. ఇంగ్లీషు వైద్యపత్రికలలోని వ్యాసములను మావారు బడినుండి వచ్చిన పిదప చదివి యర్థము చెప్పిరి. ఇట్టి ప్రశ్న మీ యిండ్లలో గూడ నేడో రేపో రాకమానదు గావున, సోదరీమణులారా, నాకు దెలిసినది మీ ముందుంచుచున్నాను.

వేడిచేత నొప్పిని దీర్చుట మన కోనసీమ స్త్రీలకు గ్రొత్తవిద్య కాదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట, ఏ ప్రాంతమున జూచినను కాలువగట్ల వెంబడి వావిలిపొద లుండును. పురుడు వచ్చిన యింటివా రాకొమ్మలు విరిచి తెచ్చి కాగులో వేసి కాచి, ఆ నీళ్ళు బాలింత నడుముమీద ధారగా బోయుదురు. నడుము పట్టినచో ఇసుకమూట, మెడ పట్టినచో ఉప్పుమూట, మోకాలు వాచినచో ఆముదము రాచి వెచ్చజేసిన జిల్లేడాకు. పడిశము పట్టినచో మరుగునీటిలో పసుపు వేసి దుప్పటి కప్పుకొని యావిరి పట్టుట. కొబ్బరిచిప్పలకు మనకు గొదువ లేదు గనుక కుంపటిలో నిప్పులకు నెప్పుడును లోపము లేదు. ఆ నిప్పులమీద సాంబ్రాణి వేసి పసిబిడ్డ తలకు ధూపము పట్టు నాచారము కూడ నున్నది. ఇక్కడ నొకమాట చెప్పక తప్పదు: ఆ పొగ పసివారి యూపిరితిత్తులకు జెరుపు చేయును. వేడి వేరు, పొగ వేరు. ఈ భేదమును మన పూర్వులే యెరుగుదురని యిప్పుడు చెప్పబోవు సంగతివలన మీకే తెలియును.

చరకసంహితలో సూత్రస్థానమున పదునాలుగవ యధ్యాయము స్వేదాధ్యాయము. చెమట పట్టించుటయే దాని విషయము. అగ్నితో జేయు స్వేదములు పదుమూడు, అగ్ని లేకయే కలుగునవి పది యని యందు విభజించినారు. మూటతో గాచుట సంకరస్వేదము. కషాయమును ధారగా బోయుట పరిషేకము. బాలింతకు మనము పోయు వావిలాకు నీళ్ళు ఆ జాతివే. మంచము క్రింద కషాయపు కుండ నుంచి దాని యావిరి రోగికి దగులునట్లు చేయుట కుంభీస్వేదము. అగ్ని లేనివానిలో వ్యాయామము, వెచ్చని యిల్లు, బరువైన దుప్పటి, ఎండ యనువానితోపాటు ఆకలి, భయము, కోపము, యుద్ధము గూడ నున్నవి. కోపముచేత చెమట పట్టుటను చికిత్సలలో జేర్చిన యా మహనీయునకు మన వంటయిండ్ల సంగతి బాగుగ దెలిసియుండును!

ఆ పదుమూడింటిలో జేంతాకస్వేద మనునది చదివినపుడు నేను నిర్ఘాంతపోతిని. జలాశయపు గట్టున, నీటికి గొంచెము దూరముగా, చదునైన మంచి నేలమీద గుండ్రని మట్టియిల్లు కట్టవలెను. దాని యెత్తును వెడల్పును పదునారు మూరలు. గాలి వచ్చుటకు గవాక్షములు. లోపల గోడ చుట్టును మూరెడు వెడల్పు, మూరెడు ఎత్తు గల యరుగు. నడుమ మనిషి యెత్తున, పెక్కు రంధ్రములు గల పొయ్యివంటి కట్టడము. అందు చండ్రకర్ర మొదలగు కట్టెలు మండించి, అవి బాగుగ గాలి పొగ పూర్తిగ బోయిన పిదపనే రోగిని లోనికి బంపవలెను. ఒంటికి నూనె రాచుకొని, బట్ట కప్పుకొని, యరుగుమీద బండుకొని ప్రక్కలు మార్చుచుండవలెను. ప్రాణము సొమ్మసిల్లుచున్నట్లున్నను అరుగును విడువరాదు. విడిచినచో ద్వారము తెలియక ప్రమాదము కలుగును. అరుగునే పట్టుకొని ద్వారము చేరవలెను. వెలుపలికి వచ్చిన వెంటనే చన్నీరు తాకరాదు. కొంతసేపు విశ్రమించి, గోరువెచ్చని నీట స్నానము చేసి భుజింపవలెను. ఫిన్లండు దేశస్థులు తరతరములుగా వాడుచున్న సౌనాకును దీనికిని ఎంత దగ్గర పోలిక యున్నదో చూడుడు. ఆ దేశపు సౌనా యాచారమును 2020లో యునెస్కోవారు మానవజాతి వారసత్వపు పట్టికలో జేర్చిరి. మన జేంతాకమును మనమే మరచితిమి.

నాకు మిక్కిలి నచ్చిన యంశ మింకొకటి గలదు. కన్నులకును గుండెకును ఎక్కువ వేడి సోకరాదని చరకుడు నిషేధించి, కన్నులపై తామరరేకులను, గుండెపై చల్లని ముత్యాలహారములను, చల్లని పాత్రలను ఉంచుమనెను. మన మెడలోని ముత్యములకు నగగా గాక వైద్యముగా నుపయోగము చెప్పిన గ్రంథ మిదియొక్కటే నేను చూచితిని.

ఇక పరారుణ కిరణముల సంగతి. 1800లో ఇంగ్లండున విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు, పందొమ్మిదేండ్ల ముందు యురేనస్ గ్రహమును గనుగొన్నవాడే, సూర్యకాంతిని గాజుపట్టకముగుండ బంపి రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో నెంత వేడియున్నదో ఉష్ణమాపకములతో గొలిచెను. ఎరుపునకు ఆవల, కంటికేమియు గానరాని చోట నుంచిన మాపకమే యెక్కువగా బైకి లేచెను. ఎరుపునకు ఆవలివి గనుక అవి పరారుణములైనవి. (ఆయన చెల్లెలు కారొలైన్ హెర్షెల్ గూడ తోకచుక్కలను గనుగొన్న విదుషీమణి యని మన మక్కడక్కడ జ్ఞాపకము చేసికొనవలసియున్నది.) ఈ కిరణములను మీరందరును ఎరుగుదురు. తెల్లవారుజామున కుంపటి యెదుట గూర్చుండిన మొగము వెచ్చనగును, వీపు చల్లగనే యుండును. నడుమ నొక చేట యడ్డుపెట్టిన తక్షణమే మొగమును చల్లబడును. గాలి వేడెక్కి యంతలోనే చల్లారుట లేదు గదా! నిప్పునుండి తిన్నగా మొగమునకు వచ్చు వేడియే పరారుణము. ఆస్పత్రులలో వ్యాయామచికిత్స గదియందలి యెర్రదీపమును అదియే చేయును. ఇందు మాయ యేమియు లేదు.

దీపముల పెట్టెయు నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని బాటిల్ క్రీక్ ఆరోగ్యశాలయందు డాక్టరు కెల్లాగ్ అను నాయన 1890 తరువాతి దశాబ్దములోనే విద్యుద్దీపములు లోపల బిగించిన పెట్టెలో రోగులను గూర్చుండబెట్టెను. మన తెలుగువారికిని ఈ విద్యతో పాతపరిచయమే యున్నది. జర్మనీలోని లైప్‌సిగు పట్టణమున లూయీ కూనే అనునాయన నీటిస్నానములతోను ఆవిరిస్నానములతోను చికిత్స చేయుచు వ్రాసిన గ్రంథమును డి. వెంకటచలపతిశర్మగారు 1894లోనే తెనిగించిరి. హిందీ ఉర్దూ భాషలలోనికి అది వచ్చుట 1904లో. దేశమున ప్రకృతివైద్యోద్యమమునకు దారి చూపిన తొలి భాష తెలుగే యనుట మనకు గర్వకారణము. రోగములన్నిటికిని మూల మొక్కటే యన్న కూనే సిద్ధాంతము నేటి విజ్ఞానమునకు నిలువదు. కాని యావిరిస్నానము నిలిచినది. హైదరాబాదులోని అమీరుపేటలో 1949లో నెలకొన్న ప్రకృతి చికిత్సాలయమువంటి చోట్ల నేటికిని అది చికిత్సలో నొక భాగమే.

ఫిన్లండు సౌనాలో గాలియే వేడెక్కును. డెబ్బది మొదలు నూరు డిగ్రీలవరకు నుండును. పరారుణపు పెట్టెలో నలుబదియైదు మొదలు అరువదివరకే యుండును. కిరణములు తిన్నగా చర్మమునకు దగులును గనుక తక్కువ వేడిలోనే చెమట పోయును. ఊపిరాడని బాధ తక్కువ. ముసలివారికి దీనిపై నాస కలుగుట కిదియే కారణము. లోపల గూర్చుండినపుడు చర్మమందలి రక్తనాళములు విచ్చుకొనును. గుండె వడిగా నడచినప్పటివలె గొట్టుకొనును. బిగిసిన కండరములు సడలును. బయటికి వచ్చిన పిదప రక్తపుపోటు కొంత తగ్గును. రాత్రి నిద్ర పట్టును. ఇంతవరకు మేలే.

పరీక్షలు చేసి చూచిన వారేమనిరి? తూర్పు ఫిన్లండులో 2315 మంది నడివయస్సు పురుషులను ఇంచుమించు ఇరువదియేండ్లు గమనించి 2015లో ప్రకటించిన పరిశోధనమున, వారమునకు నాలుగునుండి యేడుసార్లు సౌనాకు బోయినవారిలో గుండెజబ్బు మరణములు ఒక్కసారి పోయినవారికంటె దక్కువగా నున్నవి. అది వేడిగాలి సౌనా. పరారుణపు పెట్టె కాదు. అంతేగాక ఆరోగ్యవంతులే యెక్కువసార్లు పోగలిగిరేమో యను సందేహము విడువరాదు. ఆ లెక్కలో స్త్రీ యొక్కతెయు లేదని గూడ మనము గమనింపవలెను. జపానులో చువా తేయి అను వైద్యుడు 'వావొన్' అను పేర, అరువది డిగ్రీల పరారుణపు గదిలో పదునైదు నిమిషములు కూర్చుండబెట్టి, పిదప ముప్పది నిమిషములు కంబళి కప్పి పరుండబెట్టి, పోయిన చెమటకు దగినంత నీరు త్రాగించి, గుండె బలహీనమైన వారికి చికిత్స చేసెను. తొలి చిన్న పరీక్షలలో మంచిఫలము కనబడెను. పెక్కు ఆస్పత్రులు కలసి చేసి 2016లో ప్రకటించిన పరీక్షలో మాత్రము, ముఖ్యముగా గొలువదలచిన రక్తపరీక్షయందు, చికిత్స పొందినవారికిని పొందనివారికిని భేదము తేలలేదు. ఇక కీళ్ళు. హాలండులో 2009లో కీళ్ళవాతము గలవారు పదునేడుగురికిని, వెన్నుపూసలు బిగిసిపోవు వ్యాధి గలవారు పదునేడుగురికిని నాలుగు వారములలో ఎనిమిదిసార్లు ఈ పెట్టెలో చికిత్స చేసిరి. లోపల నున్నంతసేపు నొప్పియు బిగుతును తగ్గెను, వ్యాధి ముదురలేదు, నాలుగువారముల తరువాత నిలిచిన మేలు మాత్రము గట్టిగా జెప్పదగినంత లేదు. ముప్పదినలుగురి లెక్క పట్టుకొని లోకమంతటికి మందని చాటుట న్యాయమా? పైగా మా అత్తగారి మోకాళ్ళది అరుగుదల. ఆ రెండు వ్యాధులలో నేదియు గాదు.

అమ్మువారు చెప్పు తక్కిన మాటలలో గొన్ని యొప్పుకొనరానివి. చెమటద్వారా విషములన్నియు బోవునందురు. చెమట నూటికి దొంబదితొమ్మిది పాళ్ళు నీరు, తక్కినది ముఖ్యముగా ఉప్పు. మలినములను గడుగు పని కాలేయముది, మూత్రపిండములది. బరువు తగ్గుదునందురు. తగ్గునది నీరు, రెండు చెంబుల మజ్జిగ త్రాగిన మరల వచ్చును. కిరణములు ఎముకలవరకు బోవునందురు. ఈ పెట్టెలలో ఎక్కువగా వాడు దూరపరారుణము చర్మపు పైపొరలోనే యింకిపోవును. అక్కడినుండి లోనికి వేడిని గొనిపోవునది మన రక్తమే. చక్కెరవ్యాధి దిగిపోవుననుట యన్నిటికంటె నపాయకరమైన మాట. దీనిని గూర్చియే నేను ముందు చెప్పెదనన్న కారణము చెప్పవలసియున్నది.

మూడేండ్ల క్రిందట పుష్యమాసమున ఒకరాత్రి అత్తగారు పాదములు లాగుచున్నవని బాధపడిరి. నేను ఇటుకరాతిని నిప్పులలో గాచి, మావారి పాతపంచెతో నాలుగు మడతలు చుట్టి, ఆమె యరికాళ్ళ క్రింద బెట్టి కప్పి పరుండితిని. ఆమె హాయిగ నిద్రపోయిరి. తెల్లవారి దుప్పటి తీసి చూతును గదా, ఎడమపాదమున రెండు బొబ్బలు! ఒకటి రూపాయబిళ్ళంత యున్నది. "నొప్పి పుట్టలేదా అత్తగారూ?" యని కేక వేసితిని. "లేదే, వెచ్చగానున్నదనియైన దెలియలేదు" అని యామె చెప్పిరి. అమలాపురములో వైద్యుడు దూదిపోచతో పాదమును దాకి, కన్నులు మూసికొని తగిలినపుడెల్ల జెప్పుడనెను. ఆమె పెదవి కదపలేదు. పండ్రెండేండ్ల చక్కెరవ్యాధి ఆమె పాదముల నరములను మొద్దుబరచెను. మే మెవ్వరమును ఎరుగము. ఆ పుండు మానుటకు మూడుమాసములు పట్టెను. ఒకానొకప్పుడు వ్రేలు తీయవలసివచ్చునేమో యని వైద్యుడు మావారితో జెప్పిన మాట తలుపు చాటునుండి వింటిని. అత్తగారు నన్నొక్క మాటయైన ననలేదు. అందుచేత నా బాధ యెక్కువయ్యెను గాని తక్కువ కాలేదు.

స్వేదాధ్యాయములో చెమట పట్టింపరాని వారి పట్టిక యొకటి గలదు: గర్భిణులు, రక్తస్రావము గలవారు, అతిసారము గలవారు, కామెర్లవారు, నిత్యము మద్యము త్రాగువారు, మిక్కిలి నీరసించినవారు, ఆకలిదప్పులతో నున్నవారు, మధుమేహులు. పండ్రెండవ యేట తాతగారియొద్ద దానిని గంఠస్థము చేసితిని. ఇటుకను గాచిన రాత్రి అందులో నొక్కమాటయు నాకు స్ఫురింపలేదు. చరకుడు తలచిన కారణము వేరై యుండవచ్చును. నిషేధము మాత్రము మా అత్తగారి పాదమునకు సరిగా వర్తించెను.

నేటి వైద్యులు చెప్పునదియు దీనికి దగ్గరగానే యున్నది. చక్కెరవ్యాధి గలవారికి చర్మము మొద్దుబారి కాలుట తెలియకపోవచ్చును. ఇన్సులిను సూదిమందు పుచ్చుకొనువారికి వేడిచేత అది రక్తములో త్వరగా గలసి చక్కెర హఠాత్తుగా బడిపోవచ్చును. రక్తపుపోటుకు మాత్రలు, మూత్రము వెడలించు మాత్రలు వేసికొనువారు పెట్టెలోనుండి లేవగానే కన్నులు చీకట్లు గ్రమ్మి పడిపోవచ్చును. గర్భిణి, అందును మొదటి మూడుమాసములలో, ఒంటివేడి మితిమీరిన శిశువు వెన్నునకు మెదడునకు హాని గలుగవచ్చును. ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, జ్వరముతో నున్నవారు దాని దరికి బోరాదు. సంతానము గోరు పురుషులకు ఇది మాసములతరబడి వాడదగినది కాదు. వృషణములకు ఎక్కువ వేడి తగులనీయరాదని చరకుడును హెచ్చరించియున్నాడు.

మన కోనసీమకు బ్రత్యేకముగా నొక చిక్కు గూడ నున్నది. చెమట గాలిలో నారిపోయినప్పుడే యొడలు చల్లబడును. ఫిన్లండువారు సౌనానుండి మంచులోనికి వత్తురు. మనమో, మూడువైపుల గోదావరిపాయలు, నాలుగవ వైపు సముద్రము, వైశాఖ జ్యేష్ఠములలో చెంగు పిండిన నీరు కారు నుక్కలోనికి వత్తుము. పట్టిన చెమట యారదు. లోపలి వేడి త్వరగా దిగదు. వేసవి మధ్యాహ్నమున వంటయింట నిలుచుండుటయే మనకు జేంతాకస్వేదము. దానికి వెల యిచ్చి మరియొక పెట్టె కొననక్కరలేదు!

ఇంతమాత్రమున ఈ చికిత్స యెవ్వరికిని తగదని నేననను. మా ప్రక్కయింటి వదినగారికి నలుబదియేండ్లు. చక్కెర లేదు, పోటు లేదు. కుట్టుమిషనుమీద వంగి వంగి నడుము పట్టినది. ఆమె వైద్యుని యడిగి, ప్రకృతివైద్యమున అయిదున్నరయేండ్లు చదివి పట్టము పొందిన వైద్యురా లున్న చోటికి బోయి, వారమునకు రెండుసార్లు పదునైదేసి నిమిషములు పరారుణపు గదిలో గూర్చుండి వచ్చుచున్నది. పోవుటకు ముందు రెండు గ్లాసుల నీరు, వచ్చిన పిదప ఉప్పు వేసిన మజ్జిగ. భోజనము చేసిన వెంటనే పోదు, ఉపవాసదినమున బోదు. గాజులు, గొలుసు తీసి యింట బెట్టి పోవును, లోహము కాగి చర్మమును గాల్చును గదా. తల తిరిగినచో గడియారము చూడక బయటికి వచ్చును. నడుము తేలికగా నున్నదనియు, నిద్ర బాగుగ బట్టుచున్నదనియు జెప్పినది. వంగి కుట్టుట మాత్రము మానలేదు గనుక నొప్పి నాలుగురోజులకు మరల వచ్చుచున్నదనియు తానే చెప్పినది.

సంక్రాంతికి మా మేనల్లుడు మరల వచ్చినపుడు ఇవన్నియు వానికి జెప్పితిని. వాడు చదువుకొన్న బుద్ధిమంతుడు, ఒకటి రెండు ప్రశ్నలడిగి, "అయితే పెట్టె వద్దు అత్తయ్యా, ఆ పైకముతో నేమి చేయుదము?" అనెను. అమలాపురములో వ్యాయామచికిత్స చేయువారియొద్దకు అత్తగారిని గొనిపోయితిమి. కుర్చీలో గూర్చుండి కాలు తిన్నగా జాచి పది లెక్కించువరకు నిలిపి దింపవలెనట. ఆ వ్యాయామమే తొడకండరమునకు బలమిచ్చి మోకాలిబరువును దగ్గించునట. స్నానపుగదిలో పట్టుకొనుటకు గోడ కొక కమ్మీయు, పాదములకు మెత్తని చెప్పులును మేనల్లుడే కొనిపెట్టెను.

ఇప్పుడు ప్రతియుదయము వీధియరుగుమీద అత్తగారు కాలు జాచుచుందురు. మా చిన్నమ్మాయి యెదుట గూర్చుండి ఒకటి, రెండు అని లెక్క పెట్టుచుండును. ఎనిమిది తరువాత అది కావలెనని యాగిపోవును. అత్తగారు దానిని గసరుకొందురు. సాయంకాలము మోకాళ్ళకు మాత్రము ఉప్పుమూట వేసెదను. అక్కడ స్పర్శ బాగుగ నున్నదని వైద్యుడు చూచి చెప్పినాడు. పాదముల జోలికి బోను. మూట తీసికొని దగ్గరకు రాగానే యామె నా మణికట్టు పట్టుకొని, "ముందు నీ చేతిమీద పెట్టుకొని చూడవే అమ్మాయీ" అందురు. పెట్టి చూచి, నూరు లెక్కించి, పిదప వేసెదను.